ఇంటిపట్టున గులకరాతికి మెఱుగు

నా యెదుట బల్లమీద రెండు రాళ్లున్నవి. రేడియోలో మాట వినిపించునే గాని వస్తువు కనిపించదు. కావున ఆ రెండింటిని మాటలతోనే మీ చేతికి అందింపవలసియున్నది. మొదటిది సింహాచలము కొండవరుస పాదమున, మాధవధారకు పోవు దారిప్రక్కన, వాన వెలిసిన మఱునాడు నాకు దొరకినది. గోధుమవన్నె దేహము, అందు దానిమ్మగింజలవంటి ఎఱ్ఱని చుక్కలు, నడుమనడుమ తెల్లని మచ్చలు. చూడగానే ముచ్చటపడి జేబులో వేసికొంటిని. రెండవది కంచరపాలెములో మా వీధి చివర ఇల్లు కట్టుచున్నచోట తాపీమేస్త్రీ ఇసుక జల్లించి పాఱవేసిన గులకలలోనిది. మసకతెలుపు రంగు, నిమ్మకాయంత పరిమాణము. ఎవరును రెండవమాఱు చూడనిది.

ఈ రెండింటిని ఇట్టివే మఱికొన్ని రాళ్లతో కలిపి ఒకే పీపాలో వేసి, నాలుగు వారములు పగలనక రాత్రియనక త్రిప్పితిని. విప్పి చూచునప్పటికి మొదటి రాయి చింతగింజంత మిగిలినది. ఆ మిగిలినదియు పురుగు తొలిచిన వంకాయవలె గుంటలు పడియున్నది. తక్కినదంతయు బురద. రెండవదియు దాని సాంగత్యమున చెడి, ఒడలెల్ల గీతలతో మసకబారియే వచ్చినది. దానిని వేఱుచేసి, తన జాతి రాళ్లతో కలిపి, మఱల మొదటినుండి నడపగా నేడు నీట తడిసినట్లు నిగనిగలాడుచున్నది.

ఇంటివద్ద రాళ్లకు మెఱుగుపెట్టు పని ఆరంభింపగోరువారు నన్ను తఱచుగా అడుగు ప్రశ్న యంత్రమును గూర్చినది. ఎక్కడ దొరకును, ఎంత వెల యగును, ఇంటనే చేసికొనవచ్చునా అని యడుగుదురు. ఏ రాయి వేయవలెనని యడుగువారు అరుదు. నాలుగు వారముల విద్యుత్తును ఓర్పును బురదపాలు కాకుండవలెనన్న, ముందడుగవలసిన ప్రశ్న అదియే.

పనియొక్క స్వభావము తెలిసికొనుట కష్టము కాదు. కొండనుండి విఱిగి ఏటిలో పడిన రాయి సాటిరాళ్లతో ఒఱసికొనుచు, ఇసుకతో రుద్దుకొనుచు దొరలి దొరలి కోణములు పోగొట్టుకొనును. ఏఱు చేయునది అంతవఱకే. గులకరాయి నున్ననగునే గాని అద్దమువలె మెఱయదు. ఏలయన ఏటిలోని ఇసుక ఎప్పుడును ముతకదే. మన మొక చిన్న పీపాలో రాళ్లు, నీరు, కఱకుపొడి వేసి, మూత బిగించి, అడ్డముగా పరుండబెట్టి మెల్లగా త్రిప్పుచు, వారమువారము పొడిని సన్నము చేయుచు పోయినచో ఏఱు చేయలేని తుదిపని కూడ నెఱవేఱును. పీపా తిరుగునప్పుడు రాళ్లగుంపు ఒక ప్రక్కకు ఎక్కును. పైవరుస రాళ్లు క్రిందికి దొరలి జాఱును. ఆ జాఱుటలోనే పని యంతయు జరుగుచున్నది.

ఇది క్రొత్త విద్య కాదు. గుజరాతుదేశమున ఖంభాతు నగరమున అకీకు పూసలు చేయువారు తరతరములుగా దీనిని ఎఱుగుదురు. నర్మద దిగువను రతనపురము ప్రాంతమున త్రవ్విన అకీకురాళ్లను పూసలుగా కొట్టి, సాన పట్టి, పిదప గట్టి తోలుసంచిలో కురువిందపు పొడితోను, అకీకు నూఱగా వచ్చిన మెత్తని పొడితోను కలిపి మూతికట్టి, ఇద్దఱు మనుష్యులు ఎదురెదురుగా కూర్చుండి ఆ సంచిని ఇటునుండి అటు, అటునుండి ఇటు పదిదినములకు తక్కువ గాకుండ దొరలించెడివారు. సంచి లోపల ఎప్పుడును తడిగా నుంచెడివారు. పూర్వపు వ్రాతలలో ఈ పద్ధతి సవిస్తరముగా వర్ణింపబడియున్నది. తరువాత తోలుసంచికి బదులు పీపాయు, మనుష్యులకు బదులు మోటారును వచ్చినవి. మనము ఇంట అమర్చుకొనునది ఆ సంచికి మనుమడే.

ఇక రాతి మాట. ఖనిజములలో ఏది దేనిని గీయగలదో చూచి, జర్మనుదేశపు శాస్త్రజ్ఞుడు మోహ్సు గడచిన పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున ఒకటి మొదలు పదివఱకు కాఠిన్యపు మెట్లు నిర్ణయించెను. మొదటి మెట్టున బలపపురాయి, పదవ మెట్టున వజ్రము. మన గోరు రెండున్నర ప్రాంతము. చాకుమొనయు గాజుపెంకును అయిదున్నర ప్రాంతము. మన పలుగురాయి ఏడు. మెఱుగుపనికి కావలసినది ఈ ఏడవ మెట్టే. పలుగురాయి, దాని దాయాదులగు అకీకు, జాస్పరు, చెకుముకిరాయి ఇవన్నియు ఏడు ప్రాంతముననే యుండును. లోపల చీలికలు లేక బిగువుగా నుండుటచే ఇవి మెఱుగును చక్కగా పట్టును, పట్టినదానిని నిలుపుకొనును. గుంటూరు సీమలోని భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వించినప్పుడు రాతిపెట్టెలలో బయల్పడిన ధాతుపాత్రలు స్ఫటికముతో చేసినవి. స్ఫటికమనగా నిర్మలమైన పలుగురాయియే. రెండువేల యేండ్లకు మించి మట్టిలో నున్నను ఆ స్ఫటికము స్ఫటికముగానే నిలిచినది.

పరీక్ష యింటనే చేసికొనవచ్చును. పాత గాజుసీసా పెంకు నొకదానిని బల్లమీద పెట్టి, రాతి కోణముతో గట్టిగా గీయుడు. గాజుపై గీత పడి, తుడిచినను పోకున్నచో రాయి పనికివచ్చునదే. రాయియే అఱిగి గాజుపై తెల్లని పొడి మిగిలిన యెడల దానిని ప్రక్కన పెట్టుడు. చాకుతో గీసిన పొడిమీద నిమ్మరసపు చుక్క వేయగా బుడగలు పొంగినచో అది సున్నపురాయి, కాఠిన్యము మూడు. దానిని పలుగురాతితో కలిపి త్రిప్పుట పిండిబొమ్మను రోటిలో వేయుటయే. పిమ్మట పగుళ్లు చూడవలెను. రాతిని నీట ముంచి తీసి ఎండలో పెట్టుడు. మీదంతయు ఆఱినను ఎక్కడనైన సన్నని గీత నల్లగా తడితో మిగిలియున్నచో అది లోపలికి పోయిన పగులు. అట్టి రాయి మూడవ వారమున రెండుగా విచ్చి, క్రొత్తగా పుట్టిన వాడియంచులతో తక్కిన రాళ్లనన్నిటిని గీకివేయును. ఈ ఒక్క పరీక్షకు ఓపిక లేనివారు తక్కిన పని కూడ మానుకొనుట మేలు.

ఇప్పుడు నా మొదటి రాయి ఏల చెడినదో చెప్పవచ్చును. విశాఖపట్టణము చుట్టునున్న కొండలు, సింహాచలము, కైలాసగిరి, యారాడ మొదలగునవి, అధికభాగము ఖోండలైటు అను రాతితో ఏర్పడినవి. తూర్పుకనుమలలో నివసించు ఖోండుజాతివారి పేరిట 1902లో వాకరు అను భూగర్భశాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టెను. అందలి ఎఱ్ఱచుక్కలు గార్నెట్టు. కాఠిన్యము ఏడు, ఏడున్నర. నారవలె పేటలుపేటలుగా నుండునది సిల్లిమనైటు. గట్టిదే గాని నిలువున చీలును. నల్లని పొలుసులు పెన్సిలులో వేయు గ్రాఫైటు, గోటికి లొంగునది. తెల్లమచ్చలు పూర్వమొకప్పుడు ఆఱవ మెట్టునుండి, మన సముద్రతీరపు వానకును ఎండకును కుళ్లి సుద్దమట్టిగా మాఱిన ఫెల్డుస్పారు. ఒకే రాతిలో గోటితో గీయదగినదియు గాజును గీయగలదియు ప్రక్కప్రక్కన కాపురముండగా, పీపాలో మెత్తనిది ముందు అఱిగి గుంట పడును. గుంట చుట్టును పట్టు తప్పి గార్నెట్టు గింజ ఊడిపడును. ఊడినది ఊరకుండక సాటిరాళ్లను గీరుచుండును. నా పలుగురాతిపై గీతలు ఆ గింజల పనియే. రాతి యందమును చూచి ఎన్నుకొంటిని గాని దాని కుటుంబమును విచారింపనైతిని.

అట్లని మన ప్రాంతమున మంచిరాయి లేదనుకొనరాదు. ఆ కొండలలోనే ఖోండలైటు నడుమ పలుగురాతి చారలు పాఱియున్నవి. రాయి కుళ్లి మట్టియైనను పలుగు కుళ్లదు. వానకు కొట్టుకొనివచ్చి వాగుల యడుగున, గండ్ల మొగమున తెల్లగా మిగులును. తెలుపే గాక పొగవన్నె, ఇనుపతుప్పు పట్టిన పసుపువన్నె, గులాబిరేకువంటి పలుచని ఎఱుపు కూడ కనబడును. ఊరిలోనే యుండువారికి నేను చెప్పు సులువైన చోటు మేస్త్రీ జల్లెడ. ఇల్లు కట్టు ఇసుక ఏటి ఇసుక. జల్లించగా మిగిలిన గులకలు ఎట్లును పాఱవేయునవే; మర్యాదగా అడిగిన కాదనరు. ఏఱు సగముపని చేసిపెట్టిన రాళ్లగుటచే వీనికి మొదటివారపు శ్రమయు తగ్గును. రాజమహేంద్రవరము దిక్కున బంధువులున్నవారు ఇంకను అదృష్టవంతులు. గోదావరి జన్మస్థానము మొదలు చాలదూరము దక్కను నల్లరాతి నేలమీద ప్రవహించును. ఆ నల్లరాయి పూర్వము కరగి పాఱిన లావా గడ్డకట్టగా నేర్పడినది. అందలి గాలిబుడగల గూళ్లలో అకీకు పెరిగినది. ఆ గూళ్లు విడిన రాళ్లు నదితో దిగివచ్చి ఇసుకతిన్నెలలో దొరకును. తేనెవన్నె, బూడిదవన్నె, వలయములు వలయములుగా నుండు అకీకు గోదావరి ఇసుకలో చూడనివాడు దానికొఱకు ఖంభాతుకు పోనక్కఱలేదు.

ఏరరాని తావులును కలవు. కంచరపాలెమువారికి రైలుదారి ఇంటివాకిలి వంటిది. పట్టాల నడుమ పఱచిన కంకర తళతళలాడుచు పిలుచుచుండును. ఆ కంకర పట్టాలను నిలుపుటకు పఱచినది. దానిని తీయుట నేరము, తీయబోవుట ప్రాణాపాయము. పిల్లలకు ఈ మాట ముందుగా చెప్పవలెను. భీమునిపట్టణపు దారిలోని ఎఱ్ఱమట్టిదిబ్బలు భూగర్భచరిత్రకు సాక్ష్యముగా రక్షింపబడుచున్నవి. 2025లో యునెస్కోవారి తాత్కాలిక పట్టికలో కూడ చేర్పబడినవి. అక్కడ చూచి రావలసినదే గాని సంచి తీసికొని పోరాదు. బొఱ్ఱాగుహలలోని రాయి సున్నపురాయి యగుటచే మన పనికిని రాదు, దానిని విఱుచుట పాపమును. సముద్రపుటొడ్డున నల్లగా, ఎఱ్ఱగా తేలు ఇసుక గార్నెట్టు, ఇల్మెనైటు, మోనజైటు అను ఖనిజముల మిశ్రమము. ప్రభుత్వ నియంత్రణకు లోబడినది. గార్నెట్టు ఇసుక ఉన్నదిగదా, కఱకుపొడిగా వాడుకొందమా అని కొందఱడుగుదురు. నియమమటుండగా అది పనికి కూడ చాలదు. ఏడవ మెట్టువాడు ఏడవ మెట్టువానిని కోయలేడు. సముద్రమునకు వేలయేండ్లు తీఱిక కలదు, మనకు లేదు.

తొమ్మిదవ మెట్టువాడు కావలెను. ఇందు మన భాషకు కొంత గౌరవము దక్కినది. తొమ్మిదవ మెట్టున నుండు ఖనిజమును ఇంగ్లీషువారు కొరండము అందురు. ఆ పేరు మన దక్షిణదేశపు మాటయే. తమిళులు కురుందమనిరి, మనము కురువిందమంటిమి. సానరాళ్లకు వేయు పొడి అదియే. 1891లో అమెరికాదేశమున అచెసను అనునతడు బొగ్గును మట్టిని విద్యుత్తుతో కాల్చుచు, కురువిందముకన్నను కఱకైన సిలికాన్ కార్బైడును కనుగొని దానికి కార్బోరండమని పేరు పెట్టెను. కార్బను అను మాటకు మన కురువిందమును అతికించిన పేరది. నేడు వడ్రంగులు వాడు నల్ల ఉప్పుకాగితముపై అంటించియుండునది తఱచుగా ఈ పొడియే. మొదటి మూడు వారములకు మనకు కావలసినదియు ఇదియే. రాతిపలకలకు మెఱుగుపెట్టువారికి సరకమ్ము అంగళ్లలో అడిగిన దొరకును. పొడిని అంకెలతో గుర్తింతురు: అరువదవ నంబరనగా అంగుళమునకు 60 కన్నులుగల జల్లెడలో దిగినది. అంకె పెరిగినకొలది పొడి సన్నమగును. కొనవలసినవి 60 మొదలు 90 వఱకు కలిసిన ముతకపొడి, 120 మొదలు 220 వఱకు నడిమిపొడి, 500 సన్నపొడి, తుదకు మెఱుగుపొడి. ఈ తుదిది అల్యూమినియము ఆక్సైడు గాని, కంటియద్దములవారు వాడు సీరియము ఆక్సైడు గాని కావచ్చును. సీరియమును తీయునది మోనజైటునుండి. అనగా మన భీమిలి ఇసుకలో నున్న ఖనిజమే చుట్టు తిరిగి పొట్లమై మన యింటికి వచ్చుచున్నది.

యంత్రము కొనవచ్చును, చేతనైనవారు చేసికొనవచ్చును. కంచరపాలెమున పాలిటెక్నిక్కు కలదు, ఐటీఐ కలదు. ఆ చదువు చదువు పిల్లలున్న యింట ఇది రెండు ఆదివారముల పని. రెండు ఇరుసులను సమాంతరముగా బేరింగులపై నిలిపి, ఒకదానిని మోటారుతో త్రిప్పి, పీపాను ఆ రెండింటిపై పడుకొనబెట్టుటయే నిర్మాణము. లెక్క యొకటి తెలిసియుండవలెను. పాత బట్టలుతుకు యంత్రపు మోటారు నిమిషమునకు 1440 చుట్లు తిరుగుననుకొనుడు. మోటారుకు 5 సెంటీమీటర్ల చక్రమును, ఇరుసునకు 30 సెంటీమీటర్ల చక్రమును వేసి పట్టాతో కలిపిన యెడల ఇరుసు 240 చుట్లు తిరుగును. ఇరుసు 2 సెంటీమీటర్ల లావు, పీపా 12 సెంటీమీటర్ల లావు అయినచో పీపా వేగము అందాఱవ వంతు, అనగా నిమిషమునకు 40 చుట్లు. ఈ పరిమాణపు పీపాకు అది సరియైన నడక. వేగము పెంచిన పని త్వరగా అగుననుకొనుట భ్రమ. రాళ్లు దొరలుటకు మాఱు ఎగిరిపడి ఒకదాని నొకటి పగులగొట్టుకొనును. మిక్సీ మోటారు దీనికి పనికిరాదు. అది వేలకొలది చుట్లు తిరుగునది, నిమిషముల పనికి పుట్టినది. వారము దినములు నడపిన కాలిపోవును.

పీపాకు నాలుగంగుళాల ప్లాస్టికు గొట్టపు ముక్క చాలును. ఒక మూత అతికించి, రెండవదానిని మఱతో బిగించునట్లు అమర్చుడు. లోపలిగోడకు పాత టైరుట్యూబు రబ్బరు అంటింపవలెను. నున్నని గోడ మీద రాళ్లు దొరలక జాఱును, జాఱిన ఒక ప్రక్కనే అఱుగును. రబ్బరు చప్పుడును తగ్గించును. రేకుడబ్బా మాత్రము వలదు. తుప్పు రాతిలోనికి ఎక్కును. చప్పుడు వీధిలోనికి పోవును. మోటారుకు ఎర్తుతీగ తప్పక యుండవలెను. నీరును విద్యుత్తును ఒకే బల్లమీద నున్న పని ఇది. మొదటి దినమున గంటగంటకు మోటారును చేతితో తాకి చూడుడు. చేయి నిలుపరాని వేడి యున్నచో అది చాలదని తెలిసికొనుడు. ఖర్చు కూడ ముందే చూచుకొనవలెను: 100 వాట్లు తీసికొను మోటారు దినమునకు 2.4 యూనిట్లు, 28 దినములకు 67 యూనిట్లు తినును. కొనితెచ్చు చిన్న యంత్రములు ఇందులో సగమునకన్న తక్కువతో నడచును.

పీపాలో మూడింట రెండు వంతులు రాళ్లు నింపవలెను. తక్కువైన రాళ్లు ఎగిరిపడును, ఎక్కువైన కదలవు. అన్నియు నిమ్మకాయలే కాక, రేగిపండ్లంతవి, సెనగగింజలంతవి కూడ కలపుడు. చిన్నవి పెద్దవాని నడుమ దూఱి పొడిని మూలమూలలకు చేర్చును. పైన చెప్పిన పీపాలో కిలోన్నర రాళ్లు పట్టును. దానికి ముతకపొడి నాలుగు పెద్దచెంచాలు. నీరు పైవరుస రాళ్ల అడుగుభాగమును తాకువఱకు పోసిన చాలును. మొదటి రెండు దినములు దినమున కొకమాఱు ఆపి మూత సడలించి బిగింపుడు. కొన్ని రాళ్లనుండి వాయువు పుట్టి మూత ఉబ్బవచ్చును. వారము గడచిన పిదప విప్పినచో బూడిదవన్నె చిక్కని గంజి కనబడును. రాళ్లను కడిగి చూడుడు. ఏ రాతిపైనైన గుంటగాని వాడికోణముగాని మిగిలియున్నచో దానికి రెండవ వారమును ముతకపొడియే గతి. తరువాతి పొడి గుంటలను పూడ్చదు. ఉన్నదానిని సన్నము చేయునంతే. తొందరపడువారు చెడునది ఇచ్చటనే. మొత్తము మీద రాతి బరువులో నాలుగవ వంతు వఱకు తఱుగుట సామాన్యము. అందులో హెచ్చుభాగము ఈ మొదటి మజిలీలోనే పోవును. అందుచే పీపాలో వెలితి పడినచో సాటి రాళ్లతో నింపవలెను. నడిమిపొడి ఒక వారము, సన్నపొడి ఒక వారము. వీనిని గూర్చి వేఱుగా చెప్పవలసిన దేమియు లేదు.

రాయి సిద్ధమైనదా లేదా అని చూచునప్పుడు దానిని ఆఱబెట్టి చూడవలెను. తడిరాయి అబద్ధమాడును. ముతకపొడి దాటని రాయి కూడ నీట ముంచిన అద్దమువలె మెఱయును. కారణ మేమనగా, గఱుకైన ముఖముపై పడిన వెలుగు నలుదిక్కులకు చెదరి రాయి తెల్లబాఱి కనబడును. నీరు ఆ గీతలను నింపి ముఖమును సమము చేయగా వెలుగు ఒకే దిక్కునకు మరలును, లోపలి రంగు బయటికి వచ్చును. మెఱుగు పెట్టుట యనగా నీరు క్షణకాలము చేయుదానిని శాశ్వతముగా చేయుటయే. గీతలు వెలుగు తరంగముకన్న సన్నమగువఱకు అఱుగదీయుటయే. రాళ్లలోని వెలుగును ఇట్లు విచారించినవారిలో చంద్రశేఖర వెంకటరామను ఒకరు. ఆయన తండ్రి విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా నుండగా, ఆయన బాల్యమున ఇచ్చటి సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివెను. నోబెలు బహుమానము వచ్చిన ఎంతోకాలమునకు, 1950 ప్రాంతముల బెంగుళూరులో, ఆయన రాళ్లను రత్నములను ప్రోగుచేసి అకీకులోను లాబ్రడొరైటులోను కనబడు వన్నెలకు కారణమును వెదకుచుండెను.

సన్నపొడి తరువాత మెఱుగుపొడి వేయుటకు ముందు ఒక హెచ్చరిక. ఇది నా తప్పువలన తెలిసినది. మూడు వారములు నియమముగా నడపి, రాళ్లను కడిగి, పీపాను కడిగి, మెఱుగుపొడి వేసి త్రిప్పితిని. వారము పిదప రాళ్లన్నిటిపై వెండ్రుకవంటి గీతలు. వెదకి వెదకి చూడగా మూత రబ్బరు గాడిలో అరువదవ నంబరు గింజలు నాలుగైదు దాగియున్నవి. నాలుగు గింజలకు నాలుగు వారములు పోయినవి. అప్పటినుండి మెఱుగుపనికి వేఱొక పీపా ఉంచితిని. అందులో మఱియొక పొడి ఎన్నడును పడలేదు. రాళ్లను పాత పండ్లకుంచెతో ఒక్కొక్కటిగా తోమి, గుంటలున్నవానిని నిర్దాక్షిణ్యముగా తీసివేయుచున్నాను. గుంట చిన్నదైనను అందు పొడి దాగును.

ఇక ఈ ప్రసంగమున అన్నిటికన్న నెమ్మదిగా వినవలసిన మాట. పలుగురాతి పొడి విషము. నోట పడిన కాదు, ఊపిరితో లోనికి పోయిన. కంటికి కనబడనంత సన్నని రజను ఊపిరితిత్తులలో నాటుకొని, ఏండ్లు గడచిన పిదప శ్వాసను బిగించును. సిలికోసిస్ అను ఆ వ్యాధికి నివారణయే గాని చికిత్స లేదు. ఖంభాతులో అకీకును పొడిగా సానపట్టు కుటుంబములందు ఈ వ్యాధి ఎట్లు ప్రబలినదో అహమ్మదాబాదులోని జాతీయ వృత్త్యారోగ్య పరిశోధన సంస్థవారు విచారించి ప్రకటించియున్నారు. ఏండ్లతరబడి సానయెదుట కూర్చుండినవారికిని, ఇంట ఒక చిన్న పీపా త్రిప్పుకొను మనకును పోలిక లేదు, నిజమే. కాని మన పని నిరపాయకరమగుట అది తడిపని యగుటచేతనే. ఆ తడిని పోగొట్టుకొనరాదు. రాయి పగులగొట్టవలసినచో తడిపి, తడిగోనెలో చుట్టి, కండ్లద్దములు పెట్టుకొని కొట్టుడు. మడ్డి ఒలికినచో ఆఱకముందే తడిగుడ్డతో తుడువుడు. ఆఱిన పిదప చీపురుతో ఊడ్చుట కూడదు. పొడిగా నుండు రాతిని మఱయంత్రముతో రాపిడి పెట్టుట ఇంట ఎవరును చేయరాదు. పులివెందుల ప్రాంతమున దొరకు నారరాయి, అనగా ఆస్‌బెస్టాసు, వంటి రాళ్లను పీపాలో అసలే వేయరాదు. ఆకుపచ్చని రాగిరాళ్లును అంతే.

మడ్డిని కాలువలో పోయరాదు. నేను మొదట పోసితిని. అది సిమెంటువలె అడుగున బిగిసి, మా వీధికాలువ నిండి, మూడు ఇండ్ల నీరు నిలిచినది. దానిని గునపముతో త్రవ్వి తీసినవాడను నేనే. ఇప్పుడు ఒక పాత బక్కెటులో పోసి రెండు దినములు తేర్చి, పైనీటిని పెరటిలో పాఱబోసి, అడుగుమడ్డిని తడిగానే ప్లాస్టికుసంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చుచున్నాను.

చప్పుడు సంగతి కూడ చెప్పకున్న లోపమగును. కంచరపాలెమున ఇల్లిల్లును గోడ కానుకొనియుండును. యంత్రము పెట్టిన మూడవనాటి ఉదయమున ప్రక్కయింటి పెద్దామె గుమ్మములో నిలిచి, "ఏటి బాబూ, రాత్రల్లా మీ ఇంట్లో ఏటి దొర్లిస్తన్నారు? గోడంతా గురకెడతంది" అని అడిగినది. రాళ్లమ్మా అన్నచో నమ్మలేదు. నాటి సాయంకాలమే యంత్రమును గోడనుండి దూరముగా జరిపి, ఇసుకపోసిన పెట్టెపై రబ్బరుపలక పఱచి దానిపై నిలిపి, పైన గాలియాడునట్లు చెక్కపెట్టె బోర్లించితిని. రైలుచప్పుడులో కలిసిపోవునంతగా తగ్గినది. నెల పిదప ఆమెకు మెఱుగుపెట్టిన రాతి నొకదానిని ఇచ్చితిని. దేవునిగూటిలో పెట్టినదని విన్నాను.

మెఱుగుపొడి వారము ముగిసిన పిమ్మట రాళ్లను కడిగి, మంచినీటిలో సబ్బుతురుము ఒక చెంచా వేసి కొన్ని గంటలు త్రిప్పిన యెడల అంటియున్న తెల్లదనము పోయి వన్నె తేటపడును. ఈ రెండు మజిలీలలో రాళ్లు ఒకదానితో నొకటి కొట్టుకొనకుండ ప్లాస్టికు గుళికలు గుప్పెడు వేయుట మంచిది. పాతబట్టపై ఆఱబెట్టి, దీపముక్రింద త్రిప్పి చూడుడు. దీపపు ఆకారము రాతిమీద అంచు చెదరక కనబడవలెను. చెదరినచో సన్నపొడికి మఱలవలెను. మెఱుగుపొడిని ఇంకొక వారము త్రిప్పినందున ప్రయోజనము లేదు.

నా మొదటి రాయివంటి ఖోండలైటును ఏమిచేయవలెనని మీరడుగవచ్చును. దానిని పీపాలో వేయవలదు గాని విడిచిపెట్టనక్కఱలేదు. కుళ్లు తక్కువగా నున్న ముక్కను ఎన్నుకొని, మందమైన గాజుపలకపై నీటిలో వాడదగిన నల్ల ఉప్పుకాగితము పఱచి, నీరు చల్లుచు, ఒక్క ముఖమును మాత్రము చేతితో రుద్దుడు. ముందు 120, పిదప 220, 400, 800. ఒక్కొక్కదానికి అరగంట పట్టును. గింజలూడవు, చేతికి తెలిసినంత మెల్లగా పీపాకు తెలియదు. ముఖము సమమైన పిదప తడిగుడ్డతో తుడిచి, సాయంకాలపు ఎండకు ఏటవాలుగా పట్టినచో గార్నెట్టు చుక్కలు ఎఱ్ఱగా, వాని చుట్టును సిల్లిమనైటు నారలు పట్టుదారములవలె కనబడును. ఈ వారము నేను రుద్దుచున్నది అట్టి ముక్కయే. ఇంకను 220 దగ్గఱ నున్నది.